గీత దాటిన పసుపు

నీళ్ళబిందె చంకన పెట్టుకుని దూరం నడిచిన ఆడదానికి ఒక సంగతి తెలుస్తుంది. బరువు మొదట చేతికి తెలుస్తుంది. తరువాత నడుముకు. ఇంకొంత దూరం పోయాక తెలియడం మానేస్తుంది. ఒళ్ళు ఒక పక్కకు వంగిపోయి, అదే తన నడక అనుకుంటుంది. నేను అలా వంగి నడవబట్టి ముప్పై ఒక్క సంవత్సరాలైంది. మావారికి చెప్పలేదు, ఆయన వెళ్ళిపోయారు. అత్తగారికి చెప్పలేదు, ఆవిడా వెళ్ళిపోయారు. మీరెవరో నాకు తెలియదు. నేను రామనామం రాసుకునే పుస్తకంలో వెనకవైపు కాగితాలివి. నా తరువాత ఈ పుస్తకం ఎవరు తిరగేస్తే వారికే చెబుతున్నాను. మొదటి మాట రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. మా నాన్నగారు వీధిబడి పంతులు. ఆయన అరుగు మీద మగపిల్లలకు చెబుతుంటే నేను గుమ్మం వెనక కూర్చుని ఇసుకలో దిద్దుకున్నాను. ఒకరోజు చూశారు. కోప్పడతారనుకున్నాను. నా పక్కన చతికిలబడి వంకర పోయిన అక్షరం చెరిపి మళ్ళీ దిద్దించారు. ఏది పుచ్చుకున్నా ముందు దణ్ణం పెట్టుకుని ఆ తరువాతే అనుభవించాలన్నది ఆయన నేర్పిన రెండో చదువు. అది నాకు ఒంటికి పట్టిపోయింది. పొద్దున్నే ఆవుకు, పొయ్యికి, వాకిట్లోకి వచ్చిన వెలుగుకు దణ్ణం పెట్టుకుంటాను. ఇరుగుపొరుగు నవ్వేవారు, ఈవిడ చీపురుక్కూడా మొక్కుతుందని. నిజమే, చీపురుక్కూడా మొక్కాను. ఇదంతా నా గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. నా పాపం ఆ దణ్ణంలోంచే పుట్టింది. అందుకు రాస్తున్నాను.

ముందు మా కోడు సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది తెలియదు.

మా ఊరి పడమటి పొలాల మురుగునీరంతా చేరి పారే చిన్న ఏరు అది. తుంగ కోడు అంటారు. గోదావరి పక్కన పెట్టి చూస్తే దాన్ని ఏరనడానికే సిగ్గు. ఎండాకాలంలో పిల్లలు ఒక్క గెంతులో దాటేస్తారు. కాలవ మీది లాకు దగ్గర మొదలుపెట్టి గట్టు వెంట కిందికి నడిస్తే, ముందు ఇటూ అటూ నిలువెత్తు తుంగ. గాలి వేస్తే ఎవరో పట్టుచీర కట్టుకుని నడిచిపోతున్నట్టు చప్పుడు. అది దాటితే చాకిరేవు, నాలుగు నున్నని బండలు. ఆ బండల దగ్గర నీళ్ళెప్పుడూ చవుడు వాసన వేస్తాయి. దాని కింద మొగలిపొదలు. పువ్వు పూసినప్పుడు వాసనకి పాములొస్తాయని మమ్మల్ని అటు పోనిచ్చేవారు కాదు. పొదల ఎగువనే, పుంత బాట వచ్చి కోడును కోసే చోట, దాటురేవు. పొదలు దాటాక కోడు ఎటు పోతుందో నేను చూడలేదు. ఉప్పుటేట్లో కలుస్తుందని విన్నాను.

ఆ దాటురేవు నడిమధ్య ఒక రాయి ఉంది. మనిషి నడుమెత్తున నల్లగా, నిటారుగా ఉంటుంది. రేవమ్మ అంటారు. ముక్కూ ముఖమూ ఏమీ లేవు. మోకాలి ఎత్తులో మాత్రం చుట్టూ ఒక గీత చెక్కి ఉంది. ఏ కాలంలో ఏ పెద్దవాడు చెక్కించాడో గాని బుద్ధిమంతుడు. ఆ గీత కింద నాలుగు వేళ్ళ వెడల్పున పసుపు పూయాలి. పైన పూయకూడదు. వానాకాలమంతా శుక్రవారం శుక్రవారం పూయాలి, వరద తీసిన మర్నాడు పూయాలి. ఏ ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళయినా దిగేముందు రాతిని చూస్తారు. పసుపు కనబడితే దాటతారు. నలుపు ఒక్కటే కనబడితే ఆగుతారు. నీళ్ళు మోకాలు దాటితే ఆ రేవులో కాలు నిలవదు, దిగువన మొగలిపొదల కింద మడుగుంది, అందులోకి లాగేస్తుంది. చదువు రానివాళ్ళకూ, పసిపిల్లలకూ, పొరుగూరి నుంచి వచ్చినవాళ్ళకూ ఒక్కటే లెక్క.

ఆనకట్ట కట్టక ముందు ఆకాశం చూసి కోడు సంగతి చెప్పేవారట. కాలవలొచ్చాక అది పోయింది. ఎక్కడో ఎగువన వాన పడి కాలవ నిండితే లాకు దగ్గర లస్కరు పలకలెత్తి ఎక్కువైన నీళ్ళు మా కోడులోకి వదిలేవాడు. నెత్తిన ఎండ కాస్తూ ఉండగానే నీళ్ళు పెరిగేవి. అందుకని అందరికీ రేవమ్మే దిక్కయింది.

ఆ రాతికి పసుపు పెట్టే హక్కు మా అత్తవారింటి ఆడవాళ్ళది. మా మామగారు ఊరి మునసబు. ఆ ఇంటి కోడలుగా అడుగుపెట్టిన రెండో ఏడు మా అత్తగారు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి చూపించారు. పసుపుకొమ్ములు సన్నికల్లు మీద నూరి, నువ్వులనూనె కలిపి పూయాలి, నూనె లేకపోతే నీటికి కడుక్కుపోతుంది. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో అవస్థపడుతూ నీళ్ళలో నిలబడి, గీత కింద వేళ్ళు ఆనించి, "ఇదిగో, ఇంతవరకే. అమ్మవారి మీద ఎంత భక్తున్నా ఇంతవరకే" అన్నారు. ఆ మాటకి నవ్వుకున్నాను. అప్పుడు నాకు పదహారేళ్ళు.

తరువాత ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. మూడోవాడు నిలిచాడు. వాడికి ఏడాదిన్నర వచ్చేసరికి అమ్మవారు పోసింది. ఒళ్ళంతా ఆవగింజ పెట్టే చోటు లేదు. ఇరవై రోజులు వేపమండల మధ్య వాడి పక్కన కూర్చున్నాను. ఆ రోజుల్లో మా ఇంటి గడప తొక్కడానికి అందరూ భయపడితే ఒక్క మనిషి వచ్చింది. సూరమ్మ. కోడుకు అవతలి ఒడ్డున తుంగ కోసి చాపలు అల్లి అమ్ముకునే మనిషి. మొగుడు లేడు, రత్తి అని పదేళ్ళ కూతురుంది. సూరమ్మ నోరు పెద్దది. చాప బేరమాడితే, "ఇంకా తగ్గించమంటే సగమే అల్లి తెత్తానండి, సగం నేల మీద తొంగోండి" అనేది. వాకిట్లో నిలబడి కొత్త చాప చుట్ట లోపలికి జరిపి నాతో ఇలా అంది: "కోడలుగారండీ, బాబుని దీని మీద పడుకోబెట్టండి. సల్లగా ఉంటాది. ఆడు లేచి ఈ సాప మీద గంతులేత్తే అప్పుడిద్దురుగాని డబ్బులు."

వాడు లేచాడు. ఆ చాప మీదే లేచి కూర్చుని అన్నం అడిగాడు. మూడో నీళ్ళు పోసి పసుపు బట్ట కట్టాక, వాడు నడిచి నా దగ్గరికి వస్తుంటే నాకు ఏ దేవుడికి దణ్ణం పెట్టాలో తెలియలేదు. అందరికీ పెట్టాను. రేవమ్మకు, బిడ్డ దక్కితే నిండా పసుపు పెడతానని జబ్బులో మొక్కుకున్నాను. నిండా అంటే ఎంత? ఆ మాట అనుకున్నప్పుడు నాకు గీత గుర్తులేదు. బిడ్డ ఒళ్ళు కాలిపోతుంటే ఏ తల్లికి గీతలు గుర్తుంటాయి?

శ్రావణమాసం ఆఖరి శుక్రవారం. మధ్యాహ్నం మా ఇంట్లో పేరంటం, బిడ్డ బతికినందుకు. వచ్చే ముత్తయిదువలు కూర్చోవడానికి ఆరు చాపలు కావాలని, శుక్రవారం మధ్యాహ్నానికి అందించాలని నేనే సూరమ్మకు కబురు పెట్టాను. ఆ సంగతి మరిచిపోకండి. నేను మరిచిపోలేదు.

తెల్లవారుతుండగా పసుపు గిన్నె పట్టుకుని రేవుకు వెళ్ళాను. ఆ రోజు అత్తగారికి మోకాళ్ళు బాగా వాచి నన్ను ఒక్కదాన్నే పంపారు. గిన్నెలో మామూలుగా పట్టేదానికి మూడింతలు నూరాను. నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు. ఎదర తుంగ మీద లేత వెలుగు. రాతి ముందు నిలబడ్డాను. గీత కింద పూశాను. గిన్నెలో ఇంకా ఉంది. మొక్కు ఉంది. చెయ్యి ఆగలేదు. గీత మీద పూశాను, దాని పైన పూశాను, రెండు చేతులతో తలదాకా పూశాను. నల్లటి రాయి పచ్చగా, తలంటి కూర్చోబెట్టిన పెళ్ళికూతురిలా అయింది. ఏడ్చాను. నా జీవితంలో అంత సంతోషంగా ఏడ్చిన రోజు మళ్ళీ రాలేదు.

అప్పుడు గుర్తు వచ్చిందా, గీత సంగతి? వచ్చింది. అబద్ధం రాయదలచుకోలేదు, కనక రాస్తున్నాను. ఒడ్డెక్కి వెనక్కి చూసినప్పుడు గుర్తు వచ్చింది. కాళ్ళు తుడుచుకుంటూ ఆలోచించాను. నీళ్ళు లేవు, మబ్బు లేదు, పేరంటం పని బోలెడుంది, సాయంకాలం వచ్చి పైది కడిగేద్దాం, ఈ ఒక్క పూట అమ్మవారు నిండుగా ఉండనీ. అంతే. ఒక్క పూట.

ఆ పొద్దున రేవు దాటినవాళ్ళు పదిమందైనా ఉంటారు. రాతిని చూసే ఉంటారు. తరువాత ఒక్కరూ నోరు విప్పలేదు. సరిగా చూడలేదో, చూసి మునసబుగారి కోడలు కదా అని ఊరుకున్నారో, ఆ దేవుడికి తెలియాలి.

రేవులో కాపలాకు వెంకన్న ఉండేవాడు. ముసలివాడు. వానాకాలమంతా వెదురుగెడ పట్టుకుని గట్టు మీద కూర్చుని, ముసలివాళ్ళనూ చూలింతలనూ చెయ్యి పట్టుకుని దాటించేవాడు. కోతలప్పుడు ఇంటింటా ధాన్యం కొలిచేవారు. అతనికి కల్లు అలవాటుంది, కాని రేవులో తాగి కూర్చున్నాడని ఎవరూ ఎరగరు. ఆ రోజు నీళ్ళు పాదాలు కూడా తడపడం లేదని, మధ్యాహ్నం గంజి తాగి రావడానికి ఇంటికి వెళ్ళాడు. ఎప్పుడూ అలాగే వెళ్ళేవాడు.

అదే వేళకు ఎగువన లాకు పలకలెత్తారు.

మా ఇంట్లో పేరంటాళ్ళు రావడం మొదలైంది. చాపలు ఇంకా రాలేదని నేను విసుక్కుంటున్నాను. విసుక్కున్నానని కూడా రాయాలి కదా. ఇంతలో పుంత వైపు నుంచి కేకలు. మగవాళ్ళు పరుగెత్తారు. వాళ్ళు వెళ్ళేసరికి రాయి తల కూడా మునిగిపోయిందట. చాపల చుట్టలు ఐదు మొగలిపొదల్లో చిక్కుకుని ఉన్నాయి. సూరమ్మ సాయంకాలానికి మడుగులో తేలింది. ఆరో చాప దొరకలేదు.

తెల్లవారేసరికి నీళ్ళు తీశాయి. శవం తేలిన రేవులో రాతిని కడిగి శుద్ధి చేసి, కొత్తగా పసుపు పెట్టడం మా వాళ్ళ ఆనవాయితీ. అత్తగారు నన్నే పంపారు. కొబ్బరిపీచు, బూడిద, చెంబు తీసుకుని వెళ్ళాను. వరద ఒక రాత్రంతా పైన పారినా నూనెపసుపు చెక్కుచెదరలేదు. తలదాకా పచ్చగా నిలబడి ఉంది. నేను పూసిన నా వేళ్ళ గుర్తులు కూడా ఉన్నాయి. తోమాను. చర్మం లేచిపోయేదాకా తోమాను. పై భాగమంతా నల్లబడ్డాక గీత కింద నాలుగు వేళ్ళు పూశాను. చక్కగా, తిన్నగా. అంత తిన్నగా ఎప్పుడూ పూయలేదు.

ఆ పొద్దున నేను చేసింది ఆచారమా, సాక్ష్యం చెరపడమా? ఎన్నోసార్లు అడుక్కున్నాను. ఆచారం నన్ను పంపింది, అది నిజం. ఎవరూ రాకముందే వెళ్ళాలని చీకటి విడవకుండా బయలుదేరింది మాత్రం నా కాళ్ళు.

ఆ మధ్యాహ్నం మామగారు మా అరుగు మీద పంచాయతీ కూర్చోబెట్టారు. తలుపు వెనక నిలబడి విన్నాను. వెంకన్న తను చూసింది చెప్పాడు. గంజి తాగి తిరిగి వస్తూ దూరం నుంచి నీళ్ళు పెరగడం చూశాడు. సూరమ్మ అప్పటికే అవతలి ఒడ్డున చాపలు నెత్తిన పెట్టుకుని దిగుతోంది. ఆగవే అని కేకేశాడట. ఆమె రాతి వైపు గెడ్డం ఎగరేసి, "పసుపు కనపడతానే ఉందిగా మావా, నీకు సత్వారం వచ్చిందేటి" అని నవ్వి అడుగు వేసిందట. తనూ చూశాడట. నీళ్ళు తొడల దాకా వచ్చినా రాతికి పసుపు ఉందట, తల నిండా.

ఎవరూ నమ్మలేదు. ఇద్దరు వెళ్ళి రాయి చూసి వచ్చారు. గీత కింద నాలుగు వేళ్ళు. ఒకడు, గంజి పేరు చెప్పి ఏ తాటిచెట్టు కింద కూర్చున్నావురా అన్నాడు. నవ్వులు. వెంకన్న, "నేను కళ్ళారా సూశానండి బాబూ" అంటూనే ఉన్నాడు.

మామగారు నాతో ఎన్నడూ ఎదురుగా మాట్లాడేవారు కాదు. ఏదైనా అత్తగారి చేత చెప్పించేవారు. ఆ రోజు లేచి తలుపు దాకా వచ్చారు. నేలను చూస్తూ, రాతికి పసుపు ఎంతవరకు పూశావమ్మా అని అడిగారు. గీత వరకేనండి అన్నాను. పైకి చెయ్యి గాని తగిలిందా అన్నారు. లేదండి అన్నాను. "చదువుకున్న పిల్లవి. నీ మాట చాలు" అన్నారు.

నాన్నగారు ఇసుకలో దిద్దించిన అక్షరాలు ఆ పూట నాకు అలా అక్కరకు వచ్చాయి.

ఎందుకు చెప్పలేదు? భయం. ఎవరి భయం? మామగారు నన్ను కొట్టేవారు కాదు, పుట్టింటికి తోలేవారు కాదు. ఊరు నాలుగు రోజులు అనుకుని ఊరుకునేది. మునసబుగారి కోడలు భక్తి ఎక్కువై చేసిన పొరపాటు అనేవారు. అంతకంటే ఏమీ జరిగేది కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు తోచినది వేరు. నేను ఒప్పుకుంటే బిడ్డ మొక్కు చెడుతుందని, అమ్మవారు ఇచ్చినవాణ్ణి మళ్ళీ తీసుకుపోతుందని భయపడ్డాను. వాణ్ణి గుండెకు అదుముకుని నిలబడే లేదండి అన్నాను. ఒక తల్లి పోయి ఒక పిల్ల దిక్కులేనిదై అరుగు కింద కూర్చుని ఉంటే, నేను నా పిల్లవాడి కోసం దేవుడితో బేరమాడుతున్నాను. ఆ దేవుడు బేరాలు వినేవాడైతే సూరమ్మ మాట వినడా?

వెంకన్నను రేవులోంచి తీసేశారు. గెడ ఇంకొకరికి ఇచ్చారు. సూరమ్మ కూతురు రత్తిని తీసుకుపోయేవారు లేక, వెంకన్న పెళ్ళామే ఇంటికి తీసుకుపోయింది. వాళ్ళకే గంజి లేదు. నేను బియ్యం పంపేదాన్ని, పాతచీరలు పంపేదాన్ని. ఊళ్ళో అందరూ నా దయాగుణం చెప్పుకున్నారు. అవును, ఆ పొగడ్తలు కూడా విన్నాను. వింటూ తల వంచుకుంటే, వినయం అన్నారు.

నా అసలు పాపం అప్పటికి ఇంకా పూర్తి కాలేదు. ఇక్కడిదాకా రాసి కలం కింద పెట్టాను. లేచి వెళ్ళి వాకిలి ఊడ్చి వచ్చాను.

ఆ ఏడు సంక్రమణం దాటాక, చలికాలం చివర, వెంకన్న మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. మొగల్తూరు దగ్గర చుట్టాలున్నారని, ఊరు విడిచి పోతున్నామని చెప్పడానికి వచ్చాడు. మామగారు ఇంట్లో లేరు. దాహమన్నాడు. దోసిలి పట్టాడు, నేను పైనుంచి మజ్జిగ పోశాను. తాగి మూతి తుడుచుకుని నిలబడ్డాడు. వెళ్ళలేదు.

"అమ్మగారండీ, ఒక్క మాట అడుగుతానండి. తమరు చదువుకున్నోరు."

"అడుగు వెంకన్నా."

"ఆ రోజు రాతికి పసుపు తలదాకా ఉందండి. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ అలాగే కనపడతాందండి. ఊరంతా లేదంటన్నారు. తమరూ లేదన్నారంట. తమరు పూసిన సేతులతో తమరే లేదంటే, మరి నేను సూసిందేటండీ? నాకు మతి పోయిందంటారా?"

అతను నన్ను పట్టుకోవడానికి అడగలేదు. నా మీద అనుమానం అతని ఒంట్లో ఎక్కడా లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు, వైద్యుణ్ణి అడిగినట్టు. పెరట్లో ఇంకెవరూ లేరు. ఒక్క మాట చాలు. లేదు వెంకన్నా, నీ మతి బాగానే ఉంది, అంటే చాలు. అరుగు మీద పదిమందిలో చెప్పక్కరలేదు, అతనొక్కడికి చెప్పినా అతను తలెత్తుకుని పోయేవాడు.

నేను ఇలా అన్నాను: "మిట్టమధ్యాహ్నం ఎండన పడి వచ్చావు కదా వెంకన్నా. నీటి మీద ఎండ పడితే అలాగే పచ్చగా కనబడుతుంది."

అతను ఎండకేసి చూశాడు. తల ఆడించాడు. "ఆయ్, అంతే అయ్యుంటాదండి" అన్నాడు. దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

రాతిని పీచుతో తోమాను. మనిషి కళ్ళను మాటతో తోమేశాను. రెండోది ఎక్కువ తెల్లగా వచ్చింది.

మా అత్తగారు ఆ తరువాత నన్ను రేవుకు పంపలేదు. మోకాళ్ళు ఈడ్చుకుంటూ తనే వెళ్ళేవారు, లేవలేని రోజు వచ్చేదాకా. ఆ శుక్రవారం నేను ఖాళీగా తెచ్చిన పెద్దగిన్నెను కడిగింది ఆవిడే. మూడింతల పసుపు ఎటు పోయిందని ఏ ఇల్లాలికైనా తోచదా? ఒకే కప్పు కింద పద్దెనిమిదేళ్ళు ఉన్నాం. ఆవిడ పోయేముందు నా చెయ్యి పట్టుకుని అరచేతిని చాలాసేపు చూశారు. అందులో ఏముందో ఆవిడకే తెలుసు.

పదేళ్ళ కిందట ఒకనాడు, చాపలమ్మా అని వీధిలో కేక వినబడింది. సూరమ్మ గొంతే. వెళ్ళి చూస్తే రత్తి. అచ్చం తల్లి పోలికే, అదే గెడ్డం ఎగరేయడం. తల్లి పని తనూ నేర్చుకుందట, ఆ సముద్రపు వైపు ఊళ్ళల్లో అల్లుకుని బతుకుతోందట. నన్ను చూడాలని ఇంత దూరం వచ్చిందట. నా బియ్యంతోనే బతికి బట్టకట్టానంది. వెంకన్న సంగతి అడిగాను. పోయి చాలా కాలమైందని చెప్పింది. చెప్పి, గుమ్మం పక్కన కూలబడి, చాప అంచు సర్దుతూ మిగతాది చెప్పింది. పోయే ముందు వెంకన్న దాన్ని దగ్గరికి పిలిచి ఏడ్చాడట. "పసుపూ లేదు ఏమీ లేదే పిల్లా, ఎండకి నా కళ్ళు సెదిరాయి. నేను గంజికి పోకపోతే మీ అమ్మ ఉండేది. నన్ను తిట్టుకోకే" అన్నాడట. తాతని నేనెందుకు తిట్టుకుంటానండీ, నన్ను పెంచినోడు కదండీ, అంది రత్తి.

తను చేయని తప్పు ఒప్పుకుని ఆ మనిషి వెళ్ళిపోయాడు. చేసినదాన్ని నేను, గడప ఇవతల చేటలో బియ్యం పట్టుకుని నిలబడి ఉన్నాను.

నోరు తెరిచాను. ఆ మాట నిజంగా గొంతు దాకా వచ్చింది. అంతలో మావాడు పొలం నుంచి వచ్చాడు. రత్తి లేచి వాణ్ణి ఎగాదిగా చూసి, "మా అమ్మ సాప మీద బతికిన బాబు ఈరేనాండీ" అని నవ్వింది. చేతులు రెండూ ఎత్తి, నూరేళ్ళు బతకాలని దీవించింది. ఆ దీవెన వాడి నెత్తి మీద పడుతుంటే చూసి నోరు మూసుకున్నాను. చీర పెట్టాను. బియ్యం కట్టాను. మీ ఇల్లు సల్లగుండాలి అని వెళ్ళింది. అది మూడోసారి. ఈసారి ఇరవై ఏళ్ళ పిల్లను కాను, చంకలో పసివాడు లేడు, ఏ మొక్కూ లేదు. ఇప్పుడేమి సాకు చెప్పను?

ఆ రోజు నుంచి దణ్ణం పెడుతుంటే నా చేతులు నాకే బరువు. ఆవుకు పెట్టగలను. పొయ్యికి పెట్టగలను. మావాడు భోజనానికి కూర్చున్నప్పుడు, వాడు ఉన్నందుకు పెట్టబోతే మాత్రం మధ్యలో సూరమ్మ వస్తుంది. అడ్డుపడదు. చాపలు నెత్తిన పెట్టుకుని, నవ్వుతూ, రాతివైపు చూస్తుంది.

ఇప్పుడు రేవు మీద ఇటుకల వంతెన కట్టారు. బళ్ళు పోతున్నాయి. అవతలి ఒడ్డున దొరల బడి గంట కొడితే పిల్లలు వంతెన మీద పరుగెత్తుకుంటూ పోతారు, కింద రాయి ఉందని కూడా ఎరగరు. వంతెన నీడలో పడి రేవమ్మ సగం పూడుకుపోయింది. గీత ఒండ్రు కిందికి పోయింది. మొన్న కర్ర పట్టుకుని మెల్లగా వెళ్ళి చూసి వచ్చాను. పైకి కనబడేది నలుపు ఒక్కటే. నేను తోమిన నలుపు.

క్షమించమని ఇక్కడ ఎవరినీ అడగను. అడగవలసిన ఇద్దరూ లేరు. మీకు ఆ అధికారం లేదు, నేనూ మీ మీద ఆ భారం పెట్టను. ఒక్కటే అడుగుతాను. రత్తి మొగల్తూరు పక్క ఎక్కడో చాపలు అల్లుకుంటూ ఉంటుంది. దానికి చదువు రాదు. ఎప్పుడైనా కనబడితే, ఎదురుగా కూర్చుని, ఈ కింది మాటలు చదివి వినిపించండి. నా గొంతుతో చెప్పలేకపోయాను. చేత్తో రాస్తున్నాను, పూసిన ఈ చేత్తోనే.

రత్తీ, మీ తాత కళ్ళు చెదరలేదు. ఎండ వల్ల కాదు, కల్లు వల్ల కాదు. మీ అమ్మ చూసిందీ అతను చూసిందీ ఒకటే. ఆ శుక్రవారం రేవమ్మకు పసుపు ఉంది. గీత దాటి ఉంది. తలదాకా ఉంది. పూసింది నేను.